పోస్టుమార్టంలో బయటపడే దెబ్బ: రోడ్డు ప్రమాదాలు, కడుపు గాయాలు

రోడ్డు ప్రమాదంలో మనిషి పోయాడంటే తలకే దెబ్బ తగిలి ఉంటుందని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు అది నిజమే. బైకు ప్రమాదాల్లో ప్రాణం తీసే గాయాల్లో తలదే మొదటి స్థానం. హెల్మెట్ మీద ఇంత ప్రచారం, ఇన్ని చలాన్లు అందుకే. అయితే పోస్టుమార్టంలో తల ఒక్కటే చూసి వదిలేయరు, ఛాతీ, పొట్ట కూడా తెరుస్తారు. చర్మం మీద చిన్న గీరుడు తప్ప ఏమీ లేని పొట్టలో రెండు మూడు లీటర్ల రక్తం నిండి ఉండటం, కాలేయం పగిలి ఉండటం, ప్లీహం ముక్కలై ఉండటం ఆ బల్ల మీద అరుదైన సంగతేమీ కాదు.

ఈ రెండు గాయాలకూ ముఖ్యమైన తేడా ఉంది. మెదడు బాగా నలిగిపోయిన మనిషిని ఎంత పెద్ద ఆసుపత్రికి ఎంత త్వరగా చేర్చినా చాలాసార్లు చేయగలిగింది తక్కువ. కడుపులో రక్తం కారుతున్న మనిషి సంగతి అలా కాదు. పెద్ద రక్తనాళమే తెగితే తప్ప అతనికి కొంత సమయం ఉంటుంది. కొందరికి అరగంట, కొందరికి మూడు నాలుగు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ. కారుతున్న చోటు కనిపెట్టి ఆపగలిగితే బతుకుతాడు. రోడ్డు ప్రమాద మరణాల్లో తప్పించగలిగినవి ఎన్ని అని ఎవరైనా లెక్క తీయదలిస్తే ముందు వెతకాల్సింది ఇక్కడే.

కర్నూలు చుట్టుపక్కల రోడ్లను చూస్తే ఈ గాయాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి కర్నూలు, వెల్దుర్తి, డోన్ మీదుగా గుత్తి, అనంతపురం వైపు సాగుతుంది. కర్నూలు నుంచే 40వ జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప చేరుతుంది. 2019 మే 11న వెల్దుర్తి క్రాస్ దగ్గర బస్సు, తుఫాన్ జీపు ఢీకొన్నప్పుడు, 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున అదే మండలంలో టెంపో వాహనం డివైడర్ దాటి లారీని గుద్దుకుని 14 మంది చనిపోయినప్పుడు, 2025 అక్టోబర్ 24న చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడినప్పుడు ఈ 44వ రహదారి పేరు దేశమంతా వినిపించింది. రోజువారీ మరణాలు మాత్రం అలా ఉండవు. ఒక బైకు, ఒక ట్రాక్టర్. ఒక ఆటో, ఒక లారీ. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. మరో 19.5 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు. వీళ్లలో ఎవరి పొట్టకూ ఇనుప తలుపుల రక్షణ లేదు, బెల్టు లేదు.

పొట్టలో ఏం జరుగుతుంది

తలకు పుర్రె ఉంది, గుండెకు, ఊపిరితిత్తులకు పక్కటెముకలు ఉన్నాయి. పొట్ట ముందు భాగంలో ఎముకే లేదు. ఉన్నది కండరం, కొవ్వు, చర్మం. అవి మెత్తగా లోపలికి నొక్కుకుపోతాయి. అందుకే బలమైన దెబ్బ తగిలినా చర్మం చిట్లదు, కమిలిన మచ్చ కూడా ఒక్కోసారి పడదు. దెబ్బ బలమంతా లోపలి అవయవాల మీదకు పోతుంది. వాటి వెనకాల వెన్నెముక గట్టిగా నిలబడి ఉంటుంది. ముందు నుంచి హ్యాండిలో, స్టీరింగో, టైరో నొక్కితే మధ్యలో ఉన్నవి రోట్లో వేసినట్టు నలిగిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తినేవి కాలేయం, ప్లీహం. కాలేయం కుడి పక్కన చివరి పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో కిలోన్నర దాకా బరువు, పైన పలుచని పొర. నిమిషానికి లీటరున్నర రక్తం దానిలోంచి పారుతుంది. అంత రక్తం ఉన్న మెత్తని అవయవం పగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పోస్టుమార్టంలో కాలేయం గాయాలు ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇదే. ఇది బాగా పగిలినవాళ్లలో చాలామంది ఆసుపత్రి దాకా రాకుండానే పోతారు.

ప్లీహం ఎడమ పక్కన 9, 10, 11 పక్కటెముకల కింద ఉంటుంది. రెండు వందల గ్రాములు కూడా ఉండని చిన్న అవయవం. ఎడమ పక్కకు పడ్డప్పుడు విరిగిన పక్కటెముకే దాన్ని పొడవచ్చు. దీని గాయం ఒక్కోసారి వెంటనే బయటపడదు. పొర చిట్లకుండా లోపల రక్తం గడ్డకట్టుకుని ఉండి, రెండు రోజులకో వారానికో ఆ పొర తెగి ఒక్కసారిగా రక్తం పొంగుతుంది. ‘పడ్డాడు గానీ బాగానే లేచి తిరిగాడు, నాలుగో రోజు కుప్పకూలాడు’ అని బంధువులు చెప్పే కథల్లో కొన్ని ఇవే. మలేరియా వల్లో, తాగుడుతో కాలేయం గట్టిపడటం వల్లో ప్లీహం ముందే ఉబ్బి ఉన్నవాళ్లలో చిన్న దెబ్బకే ఇది జరగవచ్చు.

పేగుల గాయం మరో రకం. పేగు చిల్లుపడితే మొదట పెద్దగా రక్తం పోదు. లోపలి మలినం కడుపులోకి కారి, కొన్ని గంటల తర్వాత నొప్పి పెరుగుతుంది, పొట్ట చెక్కలా బిగుస్తుంది, జ్వరం వస్తుంది. మర్నాటికి ఒళ్లంతా ఇన్ఫెక్షన్. ఈ మరణం రోడ్డు మీద జరగదు, అయిదో రోజో పదో రోజో ఐసీయూలో జరుగుతుంది. పేగులను వెనక గోడకు పట్టి ఉంచే పొర చిరిగితే మాత్రం కథ వేరు. దానిలోంచే పేగులకు రక్తనాళాలు వెళ్తాయి కాబట్టి రక్తమూ పోతుంది, ఆ ముక్క పేగూ చచ్చిపోతుంది. క్లోమం వెన్నెముక మీద అడ్డంగా పడుకుని ఉంటుంది, సైకిల్ హ్యాండిల్ పొట్టలో దిగిన పిల్లల్లో ఇది తెగవచ్చు. పైన రూపాయి బిళ్లంత గుండ్రని మచ్చ మాత్రమే ఉంటుంది.

మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు కటి ఎముకల వెనక దాక్కుంటుంది. నిండితే పైకి ఉబ్బి పొట్టలోకి వస్తుంది, అప్పుడు గుద్దుకుంటే బెలూన్‌లా పగులుతుంది. రాత్రి దాబా దగ్గర బీర్లు తాగి, మధ్యలో ఆగకుండా బండి తోలేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. తాగి నడపడం వల్ల వచ్చే అనర్థాల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఏ బండికి ఏ గాయం

బైకు ఎదురుగా గుద్దుకున్నప్పుడు నడిపేవాడు ముందుకు జారి పెట్రోల్ ట్యాంకుకు కొట్టుకుంటాడు. కటి ఎముకలు పుస్తకం తెరిచినట్టు విడిపోయేది అప్పుడే. ఆ ఎముకల చుట్టూ ఉన్న సిరల్లోంచి లీటర్ల కొద్దీ రక్తం వెనక కండరాల మధ్య చేరగలదు, పొట్ట ఉబ్బకుండానే. ట్యాంకు మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టుకోవడం మన ఊళ్లలో మామూలు. ఆ పిల్లవాడు హ్యాండిల్‌కూ తండ్రి ఒంటికీ మధ్య ఇరుక్కుంటాడు.

ఆటో డ్రైవర్‌కూ ముందు ఉన్నది హ్యాండిలే. ఆ పక్కన చెరో వైపు ఇద్దరిని కూర్చోబెట్టుకుంటే అతనికి వెనక్కి జరగడానికి జాగా కూడా ఉండదు. పత్తి, మిరప చేలకు కూలీలను తీసుకుపోయే ఆటోల్లో పదీ పన్నెండు మంది ఉంటారు. బోల్తా కొడితే ఒకరి మీద ఒకరు పడతారు, ఆటో పైకప్పు కమ్మీ వాళ్ల మీద పడుతుంది. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (కూలి పనికి వలస) పోయేవాళ్లు మూటలు, పిల్లలతో బొలెరోల వెనక ఎక్కి రాత్రంతా ప్రయాణిస్తారు. ట్రాక్టర్ దగ్గరైతే మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లు జారిపడి ట్రాలీ చక్రం కింద పడే ప్రమాదం ఉంది. చక్రం పొట్ట మీదుగా పోయిన శవాల్లో కాలేయం వెన్నెముకకు ఒత్తుకుని నుజ్జవుతుంది. చర్మం మాత్రం కొవ్వు నుంచి విడిపోయి పైకి అలాగే ఉండొచ్చు. టైరు గీతలు కమిలిన రూపంలో అచ్చుపడితే, ఏ వాహనం తొక్కిందో తేల్చడంలో పోలీసులకు అది సాక్ష్యం.

కార్లలో బెల్టు ప్రాణం కాపాడుతుందనడంలో సందేహం అక్కర్లేదు. అయితే పెట్టుకునే పద్ధతి ఉంది. కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి. పొట్ట మీదకు జారితే గుద్దుకున్న క్షణంలో అదే పేగులను వెన్నుకు నొక్కుతుంది. పొట్ట మీద అడ్డంగా బెల్టు ముద్ర పడి ఉంటే పేగు గాయం, నడుము వెన్నుపూస విరగడం రెండూ వెతకాలని సర్జన్లకు నేర్పిస్తారు. గర్భిణులైతే పట్టీ కడుపు కిందుగా రావాలి. లేకపోతే తల్లికి ఏమీ కాకపోయినా మాయ విడిపోయి బిడ్డ పోవచ్చు. బెల్టు పెట్టుకుంటే గర్భానికి మంచిది కాదని పూర్తిగా మానేసేవాళ్లు ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. బెల్టే లేని స్లీపర్ బస్సు బెర్తులో పడుకున్న మనిషి సడన్ బ్రేకుకే ఇనుప రెయిలింగ్ మీద పడతాడు.

‘బాగానే మాట్లాడుతున్నాడు’

అరవై, అరవై అయిదు కిలోల మనిషి ఒంట్లో నాలుగున్నర లీటర్ల దాకా రక్తం ఉంటుంది. అందులో లీటరు పైచిలుకు పోయేదాకా పై బీపీ పడిపోకపోవచ్చు. శరీరం చేతులు, కాళ్లు, చర్మం వైపు వెళ్లే రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి గుండెకూ మెదడుకూ రక్తం సరిపెడుతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఈ సర్దుబాటు మరీ బాగా జరుగుతుంది. అందుకే పాతికేళ్ల కుర్రాడు రోడ్డు పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తాడు, బండికి ఎంత డ్యామేజ్ అయిందో చూస్తాడు. అరగంట తర్వాత ఆ సర్దుబాటు ఒక్కసారిగా చెదిరిపోతుంది. అప్పుడు పడిపోయే బీపీని నిలబెట్టడం చాలా కష్టం.

ఈలోగా గుర్తులు లేకపోవు. నాడి వేగం, చల్లని చెమట, పాలిపోయిన పెదవులు, విపరీతమైన దాహం, ఒకచోట నిలవలేని కంగారు. కాలేయమో ప్లీహమో పగిలినప్పుడు రక్తం పొట్టనూ ఛాతీనీ వేరు చేసే పొరను తాకి భుజంలో నొప్పి రావచ్చు. భుజానికి దెబ్బే తగలకుండా నొప్పి అంటే డాక్టర్ పొట్ట చూడాలి. ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఆ కంగారును తాగిన మత్తుగా కొట్టిపారేస్తారు, నోట్లో వాసన వస్తే మరీను. దాహం అంటున్నాడు కదా అని నీళ్లో సోడానో తాగిస్తారు. మంచి మనసుతో చేసే పనే గానీ, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సిన మనిషి కడుపు నిండా నీళ్లుంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పెదాలు తడిపితే చాలు.

తలకు కూడా దెబ్బ తగిలి స్పృహ తప్పితే పొట్ట నొప్పి అని చెప్పేవాడే ఉండడు. అందరి కళ్లూ తల మీదే ఉంటాయి, వెంటనే తల స్కానింగ్‌కు తీసుకుపోతారు. నిజానికి పెద్దవాళ్లలో తల గాయం ఒక్కదాని వల్ల బీపీ పడిపోవడం అరుదు. బీపీ పడిపోతున్నదంటే రక్తం ఎక్కడో పోతున్నదని అర్థం: బయటికి, ఛాతీలోకి, పొట్టలోకి, కటి ఎముకల చుట్టూ, తొడ ఎముక విరిగినచోట. క్యాజువాల్టీలో వెతకాల్సిన చోట్లు ఈ అయిదే.

వెతకడానికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. గుండె చుట్టూ, కుడి పక్క, ఎడమ పక్క, పొత్తికడుపు అని నాలుగు చోట్ల అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే రెండు వందల మిల్లీలీటర్లకు మించి రక్తం ఉంటే చాలావరకు తెలిసిపోతుంది. మంచం దగ్గరే, రెండు మూడు నిమిషాల పని. పేగు చిల్లును, వెనక భాగంలోని రక్తస్రావాన్ని ఇది పట్టుకోలేదు, అందుకే ఒకసారి బాగుందని వదిలేయకుండా మళ్లీ మళ్లీ చూడాలి. బీపీ నిలకడగా ఉంటే సీటీ తీస్తారు. నిలకడగా లేనివాణ్ని సీటీ గదికి తోసుకుపోవడం ప్రమాదకరం, అతను వెళ్లాల్సింది ఆపరేషన్ థియేటర్‌కు. కాలేయం, ప్లీహం గాయాలన్నిటికీ కోత అవసరం లేదు. బీపీ నిలిచి ఉంటే ఐసీయూలో కాపలా కాస్తూ కోత లేకుండానే చాలామందిని బతికిస్తున్నారు. ఆ కాపలాకు రాత్రంతా మేలుకుని ఉండే మనుషులు, ఏ క్షణంలో అడిగినా దొరికే రక్తం, సర్జన్ ఉండాలి. అవి లేనిచోట ‘అబ్జర్వేషన్‌లో పెట్టాం’ అంటే దేవుడికి వదిలేసినట్టే.

ఒక మందు సంగతి చెప్పాలి. ట్రానెక్సమిక్ యాసిడ్ అనే చౌక ఇంజెక్షన్ రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపుతుంది. 40 దేశాల్లో ఇరవై వేల మందికి పైగా గాయపడినవాళ్ల మీద జరిగిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. గాయమైన మూడు గంటల లోపల ఇస్తే మరణాలు తగ్గుతున్నాయని, ఎంత తొందరగా ఇస్తే అంత మేలని, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు కూడా జరగొచ్చని ఆ పరీక్ష వివరాలను 2011లో మళ్లీ విశ్లేషించినప్పుడు తేలింది. పీహెచ్‌సీలో కూడా ఇవ్వగలిగిన మందు ఇది. అయితే ప్రమాదం ఎన్ని గంటలకు జరిగిందో చీటీ మీద రాసి ఉండాలి.

దూరం కాదు, ఆగిన చోట్లు

1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన వైద్యశాలను జనం పెద్దాసుపత్రి అనే పిలుస్తారు. కర్నూలు, నంద్యాల జిల్లాలే కాదు, గద్వాల వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా ఇక్కడికే తెస్తారు. ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, డోన్ నుంచి యాభై పైనే. 108లో ఆ దూరం గంట, గంటన్నర. అందరూ నిందించేది ఈ దూరాన్నే. కానీ కడుపులో రక్తం కారుతున్న మనిషికి కిలోమీటర్లకంటే మధ్యలో ఆగిన చోట్లే ఎక్కువ కీడు చేస్తాయి. ప్రమాదస్థలం నుంచి దగ్గర్లోని నర్సింగ్ హోమ్, అక్కడ సెలైన్. అక్కడి నుంచి ఏరియా ఆసుపత్రి, అక్కడ కాలికి కట్టు, ఎక్స్‌రే. రాత్రి సర్జన్ లేకనో రక్తం లేకనో అక్కడి నుంచి రెఫర్. మధ్యలో ఎవరో ‘తెలిసిన ప్రైవేటు ఆసుపత్రి’ అంటే అటు. ఆగిన ప్రతిచోటా అరగంట, ముప్పావు గంట. సెలైన్ ఎక్కించేకొద్దీ బీపీ కాసేపు లేస్తుంది, రక్తం పలుచనవుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, గడ్డకట్టే గుణం పోతుంది. చివరికి పెద్దాసుపత్రి చేరేసరికి పొట్ట కోసినా రక్తం ఆగే స్థితిలో ఉండదు.

1983లో అమెరికా సర్జన్ డొనాల్డ్ ట్రంకీ గాయాల మరణాలు మూడు అలలుగా వస్తాయని చెప్పాడు. క్షణాల్లో పోయేవాళ్లు, కొన్ని గంటల్లో పోయేవాళ్లు, రోజుల తర్వాత ఇన్ఫెక్షన్‌తో పోయేవాళ్లు. ఆ అలల ఆకారం దేశాన్ని బట్టి మారుతుందని తర్వాత చర్చ జరిగింది గానీ, రెండో అలలో కడుపు రక్తస్రావానికి పెద్ద వాటా ఉందన్న మాట నిలిచింది. మన చట్టం కూడా దీన్ని గుర్తించింది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ గాయమైన తర్వాతి గంటను ‘గోల్డెన్ అవర్’గా నిర్వచించింది. ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేసుల భయం లేకుండా 134ఎ సెక్షన్ పెట్టింది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేని చికిత్స ఉంది. డబ్బు కట్టించుకునేదాకా థియేటర్‌కు తీసుకోని జాప్యాన్ని ఇది కొంత తగ్గించాలి. పేగు కుట్టు విడిపోయి నెలల తరబడి పడుకునేవాడికి మాత్రం ఏడు రోజులు దేనికీ చాలవు.

నిర్వచించిన ఆ గంటలో సర్జన్ ఎక్కడున్నాడో, రక్తం ఎక్కడుందో అంబులెన్స్‌లో ఉన్నవాళ్లకు తెలియకపోతే చట్టం ఇచ్చిన గంట రోడ్డు మీదే అయిపోతుంది. చక్రం పొట్ట మీదుగా పోయిందన్నా, హ్యాండిల్ గుచ్చుకుందన్నా, నాడి 120 దాటిందన్నా మధ్యలో ఎక్కడా ఆపకుండా నేరుగా సర్జన్, రక్తం ఉన్నచోటికే తీసుకుపోవాలన్న నియమం కొత్త భవనాలకంటే ముందు కావాలి. కటి ఎముకలు విరిగాయన్న అనుమానం ఉంటే తుంటి చుట్టూ దుప్పటి బిగించి కట్టడం దారిలో చేయగలిగిన పని.

చనిపోయాక అంతా కాగితాల మీద నడుస్తుంది. 2024 జూలై 1 నుంచి పంచనామా భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద జరుగుతోంది, అంతకుముందు సీఆర్‌పీసీ 174. పంచుల సమక్షంలో రాసేది బయటికి కనిపించే గాయాలే కాబట్టి పొట్ట గాయం ఆ కాగితంలోకి దాదాపుగా రాదు. పోస్టుమార్టం రిపోర్టులోనే వస్తుంది. పరిహారం కేసుల్లో దీని విలువ చాలా ఎక్కువ. మూడు వారాల తర్వాత ఇన్ఫెక్షన్‌తో చనిపోయిన మనిషి ప్రమాదం వల్లే చనిపోయాడా, వేరే జబ్బుతోనా అని బీమా కంపెనీ తరఫున ప్రశ్న వస్తుంది. మొదటి రోజు నుంచి ఉన్న కేస్ షీట్లు, ఆపరేషన్ నోట్సు, పోస్టుమార్టం రిపోర్టు ఒకే కథ చెప్పాలి. ఇంటికి తీసుకుపోయాక చనిపోతే పోలీసులకు చెప్పకుండా అంత్యక్రియలు చేసేవాళ్లు తెలియకుండానే ఆ ఆధారాన్ని పోగొట్టుకుంటున్నారు.

మరణ కారణం గడిలో తరచు కనిపించే మాట ‘అనేక గాయాల వల్ల షాక్, రక్తస్రావం’. కోర్టుకు అది సరిపోతుంది. నేర్చుకోవడానికి సరిపోదు. ఆ అనేక గాయాల్లో ప్రాణం తీసింది ఏది, అది సరిచేయగలిగేదేనా అన్నది అందులో తెలియదు. కాలేయం గాయానికి ఒకటి నుంచి అయిదు దాకా తీవ్రత మెట్లు ఉన్నాయి. మూడో మెట్టు గాయంతో నాలుగు గంటలు బతికి చనిపోయిన మనిషి, అయిదో మెట్టు గాయంతో పది నిమిషాల్లో పోయిన మనిషి ఒకే వాక్యం కింద నమోదైతే ఆ రెండు మరణాలూ ఒకటే అయిపోతాయి. వైద్య కళాశాలల్లో ఫోరెన్సిక్ పీజీ విద్యార్థులు ఇలాంటి రికార్డుల మీద థీసిస్‌లు రాస్తుంటారు. ఎన్ని కాలేయాలు, ఎన్ని ప్లీహాలు అన్న పట్టికలతో పాటు ఇంకో పట్టిక వేయడానికి కావలసిన సమాచారం కూడా ఉంది. 108కు ఫోన్ వచ్చిన సమయం కాల్ రికార్డులో, మొదటి ఆసుపత్రి చేరిన సమయం అక్కడి ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసుల) రిజిస్టర్‌లో, రెఫర్ చేసిన సమయం చీటీ మీద, చనిపోయిన సమయం కేస్ షీట్‌లో ఉంటాయి. నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి. వాటిని పోస్టుమార్టం నంబర్ పక్కన చేర్చి రాయడం ఒక గుమాస్తా పని.